షాపులో రెండు నిమిషాలు, చేతిలో మూడేళ్లు

కొత్త ఫోన్ కొన్నవాళ్లలో చాలామంది షాపు గడప దాటకముందే రెండు పనులు చేయిస్తారు. వెనక పౌచ్ వేయిస్తారు, ముందు గ్లాస్ అతికిస్తారు. హైదరాబాద్ ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్ దగ్గర్నుంచి మండల కేంద్రంలో బస్టాండ్ పక్కనుండే మొబైల్ షాపు దాకా ఈ రెండింటి మీద నడిచే వ్యాపారం తక్కువేమీ కాదు. అర మిల్లీమీటరు మందం తగ్గించడానికి కంపెనీ ఇంజినీర్లు తలలు పట్టుకుంటారు. వెనక గాజు ఏ రంగులో ఎలా మెరవాలో డిజైనర్లు నెలల తరబడి తేల్చుకుంటారు. కొన్నాయన ఆ గాజునీ ఆ మెరుపునీ వంద రూపాయల తొడుగు కింద కప్పేసి, తగ్గిన అర మిల్లీమీటరుకు రెండు మిల్లీమీటర్లు కలుపుకుని ఇంటికి వెళ్తాడు.

ఆయనకు అందం తెలియక కాదు. ఫోన్ చెయ్యి జారితే ఏమవుతుందో తెలుసు, డిస్‌ప్లే మార్చాలంటే ఎంతవుతుందో కూడా తెలుసు. తయారుచేసినవాళ్లు సగంలో వదిలేసిన పనిని సొంత ఖర్చుతో పూర్తి చేసుకుంటున్నాడు, అంతే.

వస్తువు రూపం ముఖ్యమా, అది చేసే పని ముఖ్యమా అన్న చర్చ ఫోన్లకన్నా చాలా పాతది. అమెరికన్ ఆర్కిటెక్ట్ లూయీ సలివాన్ 1896లోనే ఎత్తయిన ఆఫీసు భవనాల గురించి రాస్తూ, రూపం ఎప్పుడూ పని వెంటే నడుస్తుందని తేల్చేశాడు. ఆ మాట ఇప్పటికీ ప్రతి డిజైన్ క్లాసులో వినపడుతుంది. కానీ ఫోన్ల దగ్గరికి వచ్చేసరికి రూపాన్నీ పనినీ ఎదురెదురుగా నిలబెట్టి తీర్పు చెప్పబోతే అసలు విషయం జారిపోతుంది. అందంగా ఉండటం వల్ల చెడిపోయిన ఫోన్ ఒక్కటీ లేదు. చూడాల్సింది గడువుని. కొనేవాడు షాపులో చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పే రెండు నిమిషాల కోసం ఆ రూపాన్ని తీర్చారా, వాడే మూడేళ్ల కోసమా? సన్నదనం, మెరుపు, అంచుల్లేని తెర కౌంటర్ మీదే కనిపిస్తాయి. బ్యాటరీ ఎంత త్వరగా నీరసపడుతుందో, మిట్టమధ్యాహ్నం ఎండలో తెర మీద ఏమైనా కనిపిస్తుందో లేదో, పాడైతే విప్పడం ఎంత కష్టమో తెలియడానికి నెలలు పడుతుంది. అప్పటికి డబ్బు కట్టేసి ఉంటాం. స్మార్ట్‌ఫోన్ల చరిత్రలో పేరుమోసిన గొడవల్లో చాలావరకు ఈ రెండు గడువుల మధ్య పుట్టినవే.

ఎడమచేతి గొడవ

2010 జూన్‌లో వచ్చిన ఐఫోన్ 4నే తీసుకుందాం. ముందూ వెనకా గాజు, చుట్టూ స్టెయిన్‌లెస్ స్టీల్ పట్టీ. ఆ పట్టీ అందానికే కాక యాంటెన్నాగా కూడా పనికొచ్చేది. ఆలోచన నిజంగా తెలివైనదే. యాంటెన్నాకు లోపల విడిగా చోటు అక్కర్లేకపోవడంతో ఫోన్ 9.3 మిల్లీమీటర్లకు సన్నబడింది. చిక్కు ఎడమవైపు కింద, రెండు యాంటెన్నా ముక్కలను విడదీసే సన్నటి నల్లగీత దగ్గర వచ్చింది. ఎడమచేత్తో పట్టుకుంటే అరచెయ్యి సరిగ్గా ఆ గీత మీదే ఆనుతుంది. మనిషి చర్మం కరెంటును కొంత పారనిస్తుంది కాబట్టి రెండు ముక్కలూ కలిసిపోయి యాంటెన్నా శ్రుతి తప్పేది. సిగ్నల్ దండిగా ఉన్నచోట ఇది తెలిసేది కాదు. టవర్‌కు దూరంగా ఉన్నప్పుడు మాత్రం కాల్ కట్టయ్యేది.

ఫిర్యాదు చేసిన ఒక కస్టమర్‌కు ఆపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ నుంచి వచ్చిన జవాబు, అలా పట్టుకోవడం మానుకోమని. గొడవ ముదిరాక జూలై 16న ప్రెస్ మీట్ పెట్టారు. పాత మోడల్‌తో పోలిస్తే వంద కాల్స్‌కు అదనంగా కట్టయ్యేవి ఒకటికన్నా తక్కువేనని లెక్క చూపించారు, మిగతా కంపెనీల ఫోన్లకూ ఈ బాధ ఉందన్నారు, ఆఖరికి కొన్నవాళ్లందరికీ బంపర్ అనే అంచు తొడుగు ఉచితంగా ఇస్తామన్నారు. లోకమంతా మెచ్చుకున్న స్టీలు పట్టీ మీద కంపెనీయే తొడుగు తొడిగించాల్సి వచ్చింది. విడుదలకు సుమారు మూడు నెలల ముందు పరీక్షలో ఉన్న ఈ ఫోన్ ఒకటి కాలిఫోర్నియాలో ఒక బార్‌లో దొరికింది. ఎవరూ గుర్తుపట్టకుండా పాత మోడల్‌లా కనిపించే కేసు దానికి తొడిగి ఉంది. బయట తిప్పి పరీక్షించినవాళ్లు ఆ ముసుగుతోనే తిప్పడం వల్ల లోపం బయటపడలేదేమోనని అప్పట్లో చాలామంది అనుమానించారు.

మరుసటి ఏడాది వచ్చిన ఐఫోన్ 4ఎస్ బయటికి దాదాపు అదే ఫోన్. లోపల మాత్రం రెండు యాంటెన్నాల్లో ఏది బాగా పనిచేస్తుంటే దానికి ఫోనే మారిపోయే ఏర్పాటు చేశారు. రూపాన్ని వదులుకోకుండానే లోపం పోయింది. ఇలాంటిది చూసినప్పుడే రూపానికీ పనికీ పుట్టుకతో వైరం ఉందన్న వాదన తేలిపోతుంది.

2014లో ఐఫోన్ 6 ప్లస్ వంగిపోవడం వేరే రకం కథ. మందం 7.1 మిల్లీమీటర్లు, ఒళ్లంతా అల్యూమినియం. వెడల్పాటి పలక ఎంత సన్నబడితే అంత తేలిగ్గా వంగుతుందని తెలియడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు గానీ, ఎంత తేలిగ్గా అన్నది మాత్రం చాలామంది ఊహకు అందదు. పలక గట్టిదనం మందం ఘనాన్ని బట్టి మారుతుంది. మందం పది శాతం తగ్గిస్తే గట్టిదనం పది శాతం కాదు, సుమారు 27 శాతం పడిపోతుంది. రకరకాల భాగాలు కుక్కిన ఫోన్‌కు లెక్క కాస్త అటూ ఇటూ అయినా దారి అదే. ప్యాంటు జేబులో పెట్టుకుని కూర్చుంటే వంగిన ఫోన్ల ఫొటోలు లోకమంతా తిరిగాయి. అవి ఏవో కొన్నేనని కంపెనీ కొట్టిపారేసింది. 2018లో ఒక కోర్టు కేసులో బయటపడిన కంపెనీ అంతర్గత పత్రాల ప్రకారం, ఐఫోన్ 5ఎస్ కన్నా 6 ప్లస్ వంగే అవకాశం 7.2 రెట్లు ఎక్కువని విడుదలకు ముందే వాళ్లకు తెలుసు. వంగి కనిపించిన ఫోన్లకన్నా వంగనట్టు కనిపించినవే ఎక్కువ బాధపెట్టాయి. జేబులో రోజూ కొద్దికొద్దిగా ఒత్తిడి పడి, టచ్‌ను నడిపే చిప్‌కూ బోర్డుకూ మధ్య ఉన్న సన్నటి అతుకులు ఊడిపోయేవి. తెర పైభాగంలో బూడిదరంగు చారలు వచ్చి టచ్ పనిచేయడం మానేసేది. ఏడాది, ఏడాదిన్నర వాడాక వచ్చే జబ్బు ఇది. అప్పటికి వారంటీ ముగిసి ఉండేది. తర్వాత వచ్చిన 6ఎస్‌లో గట్టి రకం అల్యూమినియం వాడారు, మందం కూడా 0.2 మిల్లీమీటర్లు పెంచారు. ఆ పెంపు గురించి ప్రకటనల్లో ఎక్కడా చెప్పుకోలేదు.

ప్లాస్టిక్‌కు దక్కని గౌరవం

ఫోన్ వీపుకు పనిని బట్టి పదార్థాన్ని ఎంచుకోమంటే ప్లాస్టిక్‌ను కాదనడం కష్టం. తేలిక, పడితే పగలదు, చేతికి చల్లగానో వేడిగానో తగలదు, అన్నిటికన్నా ముఖ్యంగా రేడియో తరంగాలకు అడ్డుపడదు. లోహం అడ్డుపడుతుంది. అందుకే లోహపు ఫోన్ల మీద పైనా కిందా యాంటెన్నా గీతలు ఉండేవి. గాజు అడ్డుపడదు, వైర్‌లెస్ చార్జింగ్‌కూ పనికొస్తుంది గానీ పగులుతుంది. మూడింటిలో వెనక భాగానికి ఎక్కువ కంపెనీలు పగిలేదాన్నే ఎంచుకున్నాయి. కౌంటర్ మీద చేతిలోకి తీసుకున్నప్పుడు బరువుగా, చల్లగా, ఖరీదుగా అనిపించేది అదే కాబట్టి.

శాంసంగ్ అనుభవం దీనికి మంచి సాక్ష్యం. 2014లో వచ్చిన గెలాక్సీ ఎస్5 వెనక ప్లాస్టిక్ మూత గోటితో తీస్తే వచ్చేది. బ్యాటరీ మార్చుకోవచ్చు, మెమరీ కార్డు వేసుకోవచ్చు, నీళ్లలో పడినా పర్వాలేదు. సమీక్షకులు మాత్రం ఆ చుక్కల మూతను దెబ్బ మీద వేసే బ్యాండ్ ఎయిడ్‌తో పోల్చి నవ్వారు. మరుసటి ఏడాది ఎస్6 వచ్చింది. గాజు, లోహం, 6.8 మిల్లీమీటర్ల మందం, అందరి మెచ్చుకోలు. బ్యాటరీ తీసే వీలు పోయింది, మెమరీ కార్డు పోయింది, నీటి రక్షణ పోయింది, బ్యాటరీ సామర్థ్యం 2800 నుంచి 2550 ఎంఏహెచ్‌కు దిగింది. వాడేవాళ్ల గోల గట్టిగానే వినపడినట్టుంది. 2016లో వచ్చిన ఎస్7లో మందం 7.9కి పెరిగింది, బ్యాటరీ 3000 అయింది, మెమరీ కార్డు, నీటి రక్షణ వెనక్కి వచ్చాయి. చూడటానికి ఎస్6లాగే ఉంటుంది. పోయినవాటిలో తిరిగిరానిది మార్చుకునే బ్యాటరీ ఒక్కటే.

అదే 2016 ఆగస్టులో వచ్చిన నోట్ 7 సంగతి తెలిసిందే. ఫోన్లు కాలిపోతున్నాయని సెప్టెంబర్‌లో సుమారు 25 లక్షల ఫోన్లు వెనక్కి పిలిచారు, మార్చి ఇచ్చినవీ కాలడంతో అక్టోబర్‌లో తయారీయే ఆపేశారు. మన దేశంలో అమ్మకం మొదలే కాలేదు గానీ, విమానాల్లో దాన్ని వాడొద్దని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆదేశాలిచ్చింది. 2017 జనవరిలో కంపెనీ చెప్పిన కారణాలు రెండు. ఒక సరఫరాదారు బ్యాటరీలో బయటి సంచి చాలినంత లేక పైమూలలో లోపలి పొర వంగి నలిగింది. రెండో సరఫరాదారు బ్యాటరీలో వెల్డింగ్ దగ్గర మిగిలిన లోహపు మొనలు పొరల్ని చీల్చాయి. లిథియం బ్యాటరీ వాడేకొద్దీ కొద్దిగా ఉబ్బుతుంది, ఉబ్బడానికి చుట్టూ చోటు వదలాలి. షాపులో ఆ ఖాళీ జాగా ఎవరికీ కనిపించదు, కనిపించినా వృథా అనిపిస్తుంది.

మూత తీయలేని ఫోన్ల అసలు ఖర్చు ఇంత మంటల్లో కనపడదు. అది నెమ్మదిగా పడుతుంది. పాత ఐఫోన్లలో బ్యాటరీ బలహీనపడితే ఫోన్ ఉన్నట్టుండి ఆగిపోకుండా ప్రాసెసర్ వేగం తగ్గిస్తున్నామని ఆపిల్ 2017 డిసెంబర్‌లో ఒప్పుకుంది. ఇంజినీరింగ్ పరంగా అది అన్యాయమైన పనేమీ కాదు. చెప్పకుండా చేయడమే తప్పు. ఫోన్ నెమ్మదించిందని కొత్తది కొన్నవాళ్లకు, బ్యాటరీ మారిస్తే పాతదే పరిగెడుతుందని ఎవరూ చెప్పలేదు. క్షమాపణగా 2018 పొడుగునా బ్యాటరీ మార్పిడి ధర 79 డాలర్ల నుంచి 29కి తగ్గించారు. 2019 జనవరిలో ఆపిల్ సీఈఓగా టిమ్ కుక్ పెట్టుబడిదారులకు రాసిన లేఖలో కొత్త ఐఫోన్లు అనుకున్నన్ని అమ్ముడుపోకపోవడానికి చెప్పిన కారణాల్లో ఈ చౌక బ్యాటరీ మార్పిడి కూడా ఒకటి. మూత తీసి బ్యాటరీ మార్చుకోగల ఫోన్ కంపెనీకి ఎందుకు రుచించదో ఇంతకన్నా సూటిగా చెప్పే పత్రం దొరకదు.

పని అంటే ఎవరి పని?

1958లో భారత ప్రభుత్వం పిలిస్తే వచ్చిన అమెరికన్ డిజైనర్లు చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దేశమంతా తిరిగి ఒక నివేదిక ఇచ్చారు. అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ పుట్టింది దాని నుంచే. ఇక్కడ చూసిన వస్తువులన్నిటిలో వాళ్లను కట్టిపడేసింది చెంబు. ఆ నివేదికలో చెంబుకు వాళ్లు వేసిన ప్రశ్నల జాబితా పెద్దది. ఎన్ని నీళ్లు పడతాయి, నింపితే బరువు ఎటు మొగ్గుతుంది, నెత్తిన పెడితే, చంకన పెడితే, చేత్తో పడితే ఎలా నిలుస్తుంది, లోపల చెయ్యి పెట్టి తోమవచ్చా, ఖరీదెంత, పాతబడ్డాక లోహానికి ఎంతొస్తుంది. ఆఖరి ప్రశ్న చూడండి. వస్తువు పని ముగిశాక ఏమవుతుందో కూడా డిజైన్‌లో భాగమే అనుకున్నారు. ఈ ప్రశ్నలన్నీ ఫోన్ పక్కన పెట్టి అడిగితే జవాబు చెప్పగల మోడళ్లు ఎన్నుంటాయో చెప్పడం కష్టం.

2003లో వచ్చిన నోకియా 1100 చెప్పగలదు. దుమ్ము దూరని ఒకే రబ్బరు కీప్యాడ్, చెమట చేతికి జారని పక్కలు, కరెంటు పోతే టార్చి. మనలాంటి దేశాల్లో ఎలా వాడతారో చూసి చేసిన ఫోన్ అది. 25 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. దాన్ని అందమైన ఫోన్ల జాబితాలో ఎవరూ చేర్చరు, కానీ చేతిలో పట్టుకున్నవాళ్లెవరూ అందవికారం అనీ అనలేదు.

పని ఎవరిదో మరిచిపోతే ఏమవుతుందో చెప్పడానికి ఎండ చాలు. ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడాలని ఆపిల్ చెబుతుంది. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలు కొత్త కాదు. ఆ వేడికి ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి తెర వెలుగు తగ్గించుకుంటుంది, చార్జింగ్ ఆపేస్తుంది, నెమ్మదిస్తుంది. బైక్ హ్యాండిల్‌కు బిగించి మ్యాప్ చూసుకుంటూ వెళ్లే డెలివరీ కుర్రాడికి సరిగ్గా వెలుగు కావాల్సిన క్షణంలో తెర మసకబారుతుంది. అలా బిగించడమూ ప్రమాదమే. బైక్ ఇంజిన్ అదురుకు కెమెరాలోని లెన్స్‌ను నిలకడగా ఉంచే భాగాలు దెబ్బతినవచ్చని 2021లో ఆపిలే హెచ్చరించింది.

ఇయర్‌ఫోన్ రంధ్రం కథను కూడా ఈ కళ్లతో చూడాలి. 2016లో ఐఫోన్ 7 నుంచి దాన్ని తీసేస్తూ ఆపిల్ మార్కెటింగ్ అధిపతి ఫిల్ షిల్లర్ వేదిక మీద చెప్పిన కారణం ‘ధైర్యం’. చోటు మిగులుతుందన్న వాదనలో నిజం లేకపోలేదు. అయితే 2014లోనే 4.75 మిల్లీమీటర్ల వివో ఎక్స్5 మ్యాక్స్ ఆ రంధ్రాన్ని ఉంచుకుంది కాబట్టి, సన్నదనం కోసమే తీశామంటే నమ్మడం కష్టం. గూగుల్ తన మొదటి పిక్సెల్ ప్రకటనలో రంధ్రం ఉందని గొప్ప చెప్పుకుని మరుసటి ఏడాదే తీసేసింది. ఆపిల్‌ను వెక్కిరించిన శాంసంగ్ 2019లో నోట్ 10తో అదే దారి పట్టింది. ఐఫోన్ 7తో పాటే పరిచయమైన ఎయిర్‌పాడ్స్ ఇవాళ పెద్ద వ్యాపారం. హైదరాబాద్ శివార్లలోని కొంగరకలాన్ ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో 2025 నుంచి అవి తయారవుతున్నాయి. రంధ్రం పోవడం వల్ల మన దగ్గర ఉద్యోగాలు వచ్చాయని ఎవరైనా చమత్కరిస్తే కాదనలేం. కానీ ఆ రంధ్రంతో పాటు పోయింది పాటలు వినే వైరు ఒక్కటే కాదు. ఫోన్‌లోని ఎఫ్ఎం రేడియోకు ఇయర్‌ఫోన్ వైరే యాంటెన్నా. డేటా లేకపోయినా, మొబైల్ టవర్లు పడిపోయినా రేడియో వినపడుతుంది. ఫోన్లలో ఎఫ్ఎం తగ్గిపోతోందని, విపత్తుల వేళ అది అవసరమని, ఆ సౌకర్యాన్ని ఉంచమని కేంద్ర ఐటీ శాఖ 2023 ఏప్రిల్‌లో తయారీదారుల సంఘాలకు సూచించింది. తుపాను వస్తే రోజుల తరబడి సిగ్నల్ పోయే కోస్తా జిల్లాలవాళ్లకు ఆ సూచన విలువ విడిగా చెప్పక్కర్లేదు.

ఎదుటిపక్షానికీ మాట దక్కాలి. 2007లో ఐఫోన్ అక్షరాల బటన్లన్నీ తీసేసినప్పుడు అది కూడా ఫ్యాషన్ పిచ్చిలాగే కనిపించింది. బ్లాక్‌బెర్రీ కీబోర్డు మీద వేళ్లు పరిగెత్తించేవాళ్లకు నున్నటి గాజు మీద టైపు చేయడం వెనకడుగే. కానీ ప్లాస్టిక్ బటన్ల మీద అచ్చువేసిన అక్షరాలు మారవు, గాజు మీద ఏ లిపైనా వస్తుంది. బటన్ ఫోన్లలో తెలుగు మెసేజ్ రాయాలంటే ఒక్కో బటన్‌ను అన్నిసార్లు నొక్కలేక, ఇంగ్లిష్ అక్షరాల్లోనే తెలుగు రాసుకున్న తరం మనది. ఫోన్లలో తెలుగు రాత ఇంతగా పెరగడంలో ఖాళీ గాజుపలక పాత్ర పెద్దది. ఇంగ్లిష్ వాడేవాళ్లకు రూపం కోసం చేసిన మార్పులా కనిపించింది మనకు పనిలో మార్పు అయింది.

అదే గాజుపలక మీద గీసే బొమ్మల దగ్గరికి వస్తే మళ్లీ కథ మొదటికొస్తుంది. 2013లో ఐఫోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 7 వెంట్రుకంత సన్నటి అక్షరాలతో, బటన్లకు గీతలైనా లేకుండా వచ్చింది. ఏది నొక్కాలో తెలియడం లేదన్న ఫిర్యాదులకు తర్వాతి అప్‌డేట్‌లో బటన్ల ఆకారం చూపించే ఆప్షన్ పెట్టారు. 2025లో ఐఓఎస్ 26 గాజులా పారదర్శకమైన బటన్లతో వచ్చింది. వెనక ఫొటో ఉంటే ముందున్న అక్షరం చదవలేకపోతున్నామన్నారు జనం, రంగు నింపుకునే ఆప్షన్ మళ్లీ తర్వాతి అప్‌డేట్‌లోనే వచ్చింది. పన్నెండేళ్ల తేడాతో ఒకే పాఠం. ఇంగ్లిష్‌కే ఇంత ఇబ్బంది అయితే, కింద వొత్తులూ పైన గుడులూ పెట్టుకుని నిలువునా పెరిగే మన అక్షరాల గతి ఊహించవచ్చు. ఇంగ్లిష్ ఎత్తుకు కొలిచిన బటన్‌లో ‘రాష్ట్రం’ అని రాస్తే కింది భాగం తెగిపోవడం చాలా యాప్‌లలో చూస్తూనే ఉంటాం. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరంలోని గుర్తులు ఒక ప్రత్యేక వరుసలో వస్తే ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లు కుప్పకూలేవి. ఆ ఐఫోన్ సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించిన గదిలో తెలుగు చదివేవాళ్లు ఎందరున్నారో గానీ, ఒక్క అక్షరంతో మన భాష ఆ వారం ప్రపంచ వార్తల్లోకి ఎక్కింది.

పని వేషం వేసుకున్న రూపం

ఇప్పటిదాకా చెప్పినవి రూపం కోసం పనిని తగ్గించిన సందర్భాలు. ఇంతకన్నా విడ్డూరమైనది, పనిచేస్తున్నట్టు నటించే రూపం. కెమెరా గడ్డ మొదట్లో తప్పనిసరై వచ్చింది. మంచి ఫొటోకు పెద్ద సెన్సర్ కావాలి, పెద్ద సెన్సర్‌కు లెన్స్ ఇంకొంచెం దూరంలో ఉండాలి, ఆ దూరం ఫోన్ మందంలో ఇమడదు. కాబట్టి ఉబ్బెత్తుగా బయటికి వచ్చింది. మొదట కంపెనీలు దీనికి సిగ్గుపడ్డాయి, ప్రకటనల్లో పక్కనుంచి తీసిన ఫొటోలు తక్కువే ఉండేవి. కొన్నాళ్లకు గడ్డే హోదా అయిపోయింది. వెనక ఎన్ని కళ్లుంటే అంత ఖరీదైన ఫోన్ అనే లెక్క స్థిరపడ్డాక, పది పదిహేను వేల ఫోన్లకు దగ్గరి వస్తువుల్ని తీసే 2 మెగాపిక్సెల్ మాక్రో కెమెరా, దూరం అంచనా వేసే 2 మెగాపిక్సెల్ డెప్త్ కెమెరా వచ్చి చేరాయి. వాటితో తీసిన ఫొటో ఎవరూ దాచుకోరు. డెప్త్ కెమెరా చేసే పని చాలా సందర్భాల్లో సాఫ్ట్‌వేరే చేయగలదు. వెనక మూడు వలయాలు కనిపించాలి, పెట్టె మీద ‘ట్రిపుల్ కెమెరా’ అని ఉండాలి, అంతే వాటి పని. మామూలు ఆభరణమైనా నేను ఆభరణాన్నే అని ఒప్పుకుంటుంది.

నిజంగా పనికొచ్చే ఆలోచనలూ కౌంటర్ మీద మెరిసి కనుమరుగయ్యాయి. 2018లో వివో నెక్స్, 2019లో వన్‌ప్లస్ 7 ప్రో సెల్ఫీ కెమెరాను లోపల దాచి, కావాల్సినప్పుడు పైకి లేపేవి. తెరకు గాటు లేదు, రంధ్రం లేదు. చూస్తే ముచ్చటేసేది. కదిలే మోటారు చోటు తినేసింది, నీళ్లకూ దుమ్ముకూ దారి ఇచ్చింది. రెండు మూడేళ్లలో ఆ వరుస ఆగిపోయింది. పక్కలకు వంగిన తెర ఇంకొంచెం ఎక్కువ కాలం నిలిచింది. 2015లో ఎస్6 ఎడ్జ్‌తో మొదలై ఖరీదైన ఫోన్ల గుర్తుగా పదేళ్లకు దగ్గరగా నడిచింది. తెలియకుండా వేళ్లు తగలడం, మామూలు గ్లాస్ అతకకపోవడం, అంచు మీద పడితే తెర మొత్తం మార్చాల్సి రావడం దాని బాధలు. 2024లో ఎస్24 అల్ట్రా తెర మళ్లీ బల్లపరుపు అయింది. షాపు రెండు నిమిషాల కోసం పుట్టిన రూపాలు మూడేళ్ల పరీక్షలో నెమ్మదిగా రాలిపోతాయనడానికి ఇవి గుర్తులు. కాకపోతే ఆ పరీక్ష ఖర్చు కొన్నవాళ్లే భరిస్తారు.

2025లో రెండు దారులూ ఒకే వేదిక మీద కనిపించాయి. ఆ సెప్టెంబర్‌లో ఆపిల్ 5.6 మిల్లీమీటర్ల ఐఫోన్ ఎయిర్‌ను తెచ్చింది. వెనక ఒకే కెమెరా, ఒకే స్పీకర్, సిమ్ పెట్టుకునే చోటు లేదు, అయినా ధర మామూలు ఐఫోన్ 17 కన్నా ఎక్కువ. అంతకు కొన్ని నెలల ముందు శాంసంగ్ 5.8 మిల్లీమీటర్ల ఎస్25 ఎడ్జ్‌లో 3900 ఎంఏహెచ్ బ్యాటరీ పెట్టి ఇదే పందెం కాసింది. అదే ఆపిల్ అదే రోజున చూపించిన 17 ప్రో దారి పూర్తిగా వేరు. రెండేళ్లు గొప్పగా చెప్పుకున్న టైటానియంను వదిలేసి వేడిని బాగా బయటికి పంపే అల్యూమినియంకు వెనక్కి వచ్చింది, వేడి లాగే వేపర్ చాంబర్ పెట్టింది, మందం అర మిల్లీమీటరు పెంచింది. టైటానియం ఖరీదైన లోహమే గానీ వేడిని పట్టుకుని కూర్చుంటుంది. ఎండాకాలం చూసినవాళ్లకు 17 ప్రో నిర్ణయమే సబబుగా తోస్తుంది.

ఈలోగా చైనా కంపెనీలు అంతే చోటులో ఎక్కువ చార్జ్ పట్టే సిలికాన్ కార్బన్ బ్యాటరీలతో అదే మందంలో 7000 ఎంఏహెచ్‌కు చేరాయి. సన్నదనం కావాలా, బ్యాటరీ కావాలా అన్న పాత బేరం దీంతో కొంత సడలింది. రెండూ అందించిన ఘనత డిజైన్ స్టూడియోది కాదు, రసాయన శాస్త్రం ల్యాబుది.

ఇక మిగిలింది మూడేళ్ల సంగతుల్ని కొనే ఘడియలోనే కంటికి కనపడేలా చేయడం. ఐరోపా యూనియన్‌లో ఇది చట్టమైంది. 2025 జూన్ 20 నుంచి అక్కడ అమ్మే ప్రతి స్మార్ట్‌ఫోన్‌కూ ఫ్రిజ్‌కు ఉన్నట్టే ఒక లేబుల్ ఉండాలి. ఒక చార్జింగ్‌తో ఎన్ని గంటలు వస్తుంది, బ్యాటరీ ఎన్నిసార్లు చార్జింగ్‌ను తట్టుకుంటుంది, కిందపడితే ఎంత ఓర్చుకుంటుంది, రిపేరు ఎంత సులువు అన్నవాటికి దాని మీద అంకెలో తరగతులో ఉంటాయి. 800 సార్లు చార్జ్ చేశాక కూడా బ్యాటరీలో 80 శాతం సామర్థ్యం మిగలాలన్నది ఆ నిబంధనల్లో ఒకటి. మోడల్ అమ్మకం ఆపేశాక కూడా ముఖ్యమైన విడిభాగాలు ఏడేళ్లపాటు దొరకాలి. మందం ఎంతుండాలో, వెనక గాజు ఉండాలో ప్లాస్టిక్ ఉండాలో మాత్రం చట్టం చెప్పలేదు. అది తెలివైన పనే, రూపం జోలికి పోకుండా ఫలితాన్ని అడుగుతోంది.

మన దగ్గర వినియోగదారుల వ్యవహారాల శాఖ వేసిన కమిటీ 2025 మేలో ఇలాంటిదే ఒక సూచిక ఉండాలని నివేదిక ఇచ్చింది. బ్యాటరీ, డిస్‌ప్లే, వెనక మూత, కెమెరా, చార్జింగ్ పోర్టు వంటివి విప్పి మార్చడం ఎంత తేలికో, విడిభాగాలు ఎంతలో ఎంత త్వరగా దొరుకుతాయో చూసి ఫోన్‌కు మార్కులు వేసి, పెట్టె మీద క్యూఆర్ కోడ్‌తోనూ షాపులోనూ ఆన్‌లైన్‌లోనూ చూపించాలన్నది ప్రతిపాదన. అయితే మార్కులు వేసుకునేది తయారీ కంపెనీయే. ఐఫోన్ 6 ప్లస్ వంగుతుందని ముందే తెలిసి కూడా బయటికి చెప్పని అనుభవం చూశాక, ఆ మార్కుల్ని ఎవరో ఒకరు ఫోన్ విప్పి సరిచూసే ఏర్పాటు లేకపోతే క్యూఆర్ కోడ్ కూడా పెట్టె మీద ఇంకో అలంకారమే అవుతుంది.